నోట్లో ఆయ్, చేతిలో కాదెహె

మా తాతయ్య పోయారని నాకు స్కూల్ బస్సులో తెలిసింది.

కాలవ మలుపు దగ్గర గేదెలు దాటుతుంటే బస్సు ఆగింది. పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ తన ఫోన్ నా ముందు పెట్టింది. మా వీధివాళ్లెవరో స్టేటస్ పెట్టారు. పూలదండ ఫ్రేములో తాతయ్య ఫొటో, కింద మినుకుమినుకుమంటున్న దీపం బొమ్మ. "ఈయన మీ తాతగారే కదమ్మా?" అని అడిగింది. నేను "ఆయ్" అన్నాను.

ఆ బస్సులో నేనెప్పుడూ ఆ మాట అనలేదు. మాది ఇంగ్లీష్ మీడియం స్కూలు. ఆయ్ అంటే పల్లెటూరిదని నవ్వుతారు. అందుకని స్కూల్లో యెస్ అని, ఇంట్లో అవును అని సరిపెట్టుకునేదాన్ని. ఆ రోజు నోరు తెరిస్తే అదే వచ్చింది. ఆయమ్మ నవ్వలేదు. నా ఒళ్లో ఉన్న బ్యాగు తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

పొద్దున్న నేను బయల్దేరేటప్పుడు రాజమండ్రి హాస్పిటల్ నుంచి నాన్న ఫోన్ చేసి "ఇవాళ కాస్త నయం" అన్నారు. సాయంత్రం నేను దిగేసరికి మా గేటు ముందు వ్యాన్‌లోంచి ప్లాస్టిక్ కుర్చీలు దింపుతున్నారు. దింపుతున్నతను నా యూనిఫాం చూసి, కుర్చీల దొంతర పక్కకి లాగి దారి ఇచ్చాడు. నేను లోపలికి వెళ్లడానికి భయపడి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మా గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెప్తాను. ఆయ్ అంటే అవునండి అని. ఎదుటివాళ్లు పెద్దవాళ్లయితే అనే అవును. తాతయ్య జీవితమంతా ఆ మాట విన్నారు. చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లు, తవుడు బస్తాలు తెచ్చే ఆటో అతను, ఐస్ ఫ్యాక్టరీ గుమస్తా, అందరూ ఆయన ముందు ఆయ్ అనేవాళ్లే. ఆయన మాత్రం ఎవరితోనూ అనలేదు. ఆయన మాట కాదెహె.

ఏం అడిగినా ముందు కాదెహె. "కూర ఎలా ఉందండీ?" అని మామ్మ అడిగితే, "కాదెహె, బానే ఉంది" అనేవారు. ముందు కాదనేసి, తర్వాత నిదానంగా ఆలోచించుకునేవారన్నమాట. "అడిగిన వెంటనే అవుననేవాణ్ణి నమ్మకూడదెహె, ఆడు నీ మాట వినలేదన్నట్టు" అనేది ఆయన సూత్రం. నా నో విని వెక్కిరించేవారు. "ఏవే దొరసానీ, మీ నో ఏంటే, తుమ్ము ఆగిపోయినట్టు? కాదంటే గట్టు కట్టినట్టుండాలి. నీళ్లు ఇటు రాకూడదు."

నాకు ఆయనంటే ప్రేమకన్నా భయం ఎక్కువుండేది. దానికి కారణం నా ఎడం చెయ్యి. నేను పుట్టుకతో ఎడంచేతివాటం. చిన్నప్పుడు ఒకసారి ఆయనకి మజ్జిగ గ్లాసు ఎడం చేత్తో అందించాను. ఆయన తీసుకోలేదు. నా చెయ్యి నొప్పెట్టేదాకా గ్లాసు అలాగే గాల్లో ఉంచారు. "కుడిచెయ్యి పెట్టేది, ఎడంచెయ్యి కడిగేది. మార్చు" అన్నారు. మార్చాను. అప్పట్నించీ ఇంట్లో అన్నం కుడి చేత్తో తినేదాన్ని, మెతుకులు రాలినా సరే. హోంవర్కు నా గదిలో తలుపేసుకుని ఎడం చేత్తో రాసుకునేదాన్ని. దాచుకోవడం నాకు అలా అలవాటైంది.

పోయిన వానాకాలం ఒక పొద్దున్న తాతయ్య మంచం మీద కూర్చుని కుడి చెయ్యి దులుపుకుంటున్నారు. "చెయ్యి మొద్దుబారిందెహె" అన్నారు. మామ్మ కాఫీ తెస్తూ, "రాత్రంతా దానిమీదే పడుకున్నారు మరి. తిమ్మిరి. కొబ్బరినూనె రాస్తాను, పోద్ది" అంది. రాసింది. రాస్తుండగానే ఆయన పెదవి ఒక పక్కకి జారింది. అది పక్షవాతమని మాలో ఎవరికీ అనిపించలేదు. చెరువు మీద నుంచి నాన్న వచ్చి, కారు తీసి, భీమవరం చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదండి అని డాక్టర్ అన్నారట. ఆ మాట మామ్మ ముందు ఎవరూ అనలేదు. కానీ మామ్మకి ఎలాగో తెలిసింది.

ఇంటికి తెచ్చేసరికి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు ఆయనవి కావు. మాట అసలే లేదు. మామ్మ మంచం పక్కన కూర్చుని జావ చల్లారబెడుతూ, తనలో తను అనుకున్నట్టుగా, "కాస్త తాగుతారాండీ?" అంది.

"ఆయ్" అన్నారు తాతయ్య.

మామ్మ గిన్నె కింద పెట్టేసింది. ఏడ్చింది, నవ్వింది, వీధిలోకి వినబడేలా అమ్మని పిలిచింది. "ఏవమ్మాయ్! మీ మావగారు మాటాడారే! కాపరానికొచ్చిన ఇన్నేళ్లకి నా మాటకి ఆయ్ అన్నారే!"

ఆ తర్వాత ఇంకో మాట రాలేదు. అదొక్కటే. టిఫిన్ తిన్నారా అంటే ఆయ్. ఫ్యాన్ వెయ్యమంటారా అంటే ఆయ్. తల కూడా అన్నింటికీ ఒకే రకంగా ఊగేది. చూడ్డానికొచ్చిన వాళ్లంతా సంతోషించారు. "ఎంత మెత్తబడిపోయారండీ" అనేవాళ్లు, అదేదో ఒంటికి మంచిదైనట్టు.

ఒక ఆదివారం మామ్మ తమ్ముడు వచ్చారు. ఆయనకీ తాతయ్యకీ ఒక చెరువు గట్టు మీద కొబ్బరిచెట్ల గురించి ఎప్పట్నించో వాదన. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏం బావా, ఆ తూరుపు గట్టు చెట్లు నావేనంటావా?" అన్నారు.

"ఆయ్."

"నువ్వు మొండోడివి, నేను మంచోణ్ణి. అంతేనా?"

"ఆయ్."

గదంతా నవ్వు. మామ్మ కూడా, "చాల్లేరా, ఊరుకో" అంటూనే నవ్వింది. సరదాకే అన్నారు, ఆయన మంచివారే. వెళ్లేటప్పుడు గుమ్మంలో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కానీ అందరూ నవ్వుతున్నప్పుడు నేను తాతయ్య ఎడం చెయ్యి చూశాను. అది దుప్పటి కింద ఉంది. దుప్పటిని గుప్పిట్లోకి లాగి పట్టుకుని ఉంది.

స్కూలునుంచి వచ్చాక, అమ్మ వంటయ్యేదాకా తాతయ్య దగ్గర కూర్చోవడం నా డ్యూటీ. ఆ జారిన పెదవి చూడాలంటే నాకు భయం, అందుకని టీవీ పెట్టుకుని దానికేసే చూసేదాన్ని. మర్నాడు సాయంత్రం, "టీవీ ఉంచనా తాతయ్యా?" అన్నాను. ఆయ్ అన్నారు. ఎందుకో, "తీసెయ్యనా?" అన్నాను. ఆయ్ అన్నారు. "నేనెవరో తెలుసా?" ఆయ్. "నేనెవరో మర్చిపోయారా?" ఆయ్. అనేసి, కళ్లు మూసుకున్నారు. కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి జారాయి.

అప్పుడు అర్థమైంది. ఆయ్ అనేది ఆయన జవాబు కాదు. ఆ నోట్లో మిగిలింది అదొక్కటే. లోపల ఆయన కాదెహె, కాదెహె అని అరుస్తున్నారు. బయటికి ఆయ్ అని వినబడుతోంది.

"తాతయ్యా, కాదు అనాలనుకుంటే నా చెయ్యి నొక్కండి" అన్నాను. ఆయన చెయ్యి బయటికి తియ్యలేదు. అది ఎడం చెయ్యి. పక్షవాతం వచ్చాక కూడా ఆయన ఎవరికీ ఆ చెయ్యి చాపలేదు. దణ్ణం పెట్టినవాళ్లకి తల ఊపేవారు తప్ప, ఎడం చెయ్యి ఎత్తేవారు కాదు.

నేను వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాను. బ్యాగులోంచి పెన్ను తీసి, ఆయన చూస్తుండగా ఎడం చేత్తో పుస్తకం అట్ట మీద నా పేరు రాశాను. "నేను ఎప్పుడూ ఇలాగే రాస్తానండి. మీరు వద్దన్నా రాశాను. ఎవరికీ చెప్పకండి" అన్నాను. చెప్పలేని మనిషితో ఎవరికీ చెప్పకండి అన్నానేంటా అని నాలిక కరుచుకున్నాను. తాతయ్య అట్టకేసి చూశారు, నాకేసి చూశారు. పెదవి మంచిగా ఉన్న వైపు కదిలింది. దుప్పటి కింద నుంచి ఎడం చెయ్యి వచ్చింది.

"ఇప్పుడు జావ తాగుతారా?"

నోరు ఆయ్ అంది. చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఇడ్లీ?" నొక్కారు. "ఉప్మా?" ఇంకా గట్టిగా నొక్కారు. "పెసరట్టు?" చెయ్యి ఊరుకుంది. ఆ సాయంత్రం పెసరట్టుకి తప్ప నేను అడిగిన ప్రతి దానికీ ఆయన కాదన్నారు. ఎన్నాళ్ల కాదెహెలో అన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. నా వేళ్లు ఎర్రబడ్డాయి. ఆ గదిలో నాకు మొదటిసారి భయం వెయ్యలేదు.

త్వరలోనే ఒక చిక్కు వచ్చింది. ఒకరోజు "ఆకలి లేదు కదా తాతయ్యా?" అని అడిగితే నొక్కారు. లేదన్నారనుకుని కంచం తీసేశాను. ఆయన కళ్లతో కంచాన్ని వంటింటిదాకా సాగనంపారు. కాదు, ఆకలి ఉంది అని ఆయన అర్థం. ఇంకోసారి "నిద్ర రావట్లేదు కదా?" అంటే నొక్కారు. వస్తోందేమో అని లైటు ఆపితే, మేలుకునే ఉన్నారు. ఈసారి ఆయన అర్థం, రావట్లేదు అని. కదా పెట్టి అడిగితే నొక్కుడుకి రెండర్థాలు వస్తాయి. అందుకని మేమిద్దరం ఒక నియమం పెట్టుకున్నాం. ప్రశ్నలో కదా ఉండకూడదు, లేదా ఉండకూడదు. సూటిగా అడగాలి. నొక్కితే కాదు, నొక్కకపోతే అవును.

ఈ సంగతి మామ్మకి చెప్పేద్దామని లేచాను. తాతయ్య నా చెయ్యి వదల్లేదు. నొక్కుతూనే ఉన్నారు. "చెప్పొద్దా?" అంటే వదిలేశారు. ఎందుకో ఆ పూటే తెలిసింది. రోజూ దీపం పెట్టాక మామ్మ వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంటుంది. కాళ్లకి నూనె రాస్తూ, తల ఎత్తకుండా, "నామీద కోపం లేదు కదండీ?" అని అడుగుతుంది. ఆయన ఆయ్ అంటారు. మామ్మ గట్టిగా ఊపిరి వదిలి, భోజనానికి లేస్తుంది. ఆ ఒక్క ఆయ్ మీద మామ్మ రోజు గడుస్తోంది. ఆయ్‌లో ఏమీ లేదని తెలిస్తే ఆ తిమ్మిరి మాట, ఆ కొబ్బరినూనె, ఆలస్యమైన ఆ పొద్దు, అన్నీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి. అందుకని తాతయ్య, జీవితంలో మొదటిసారి, తను అనని అవునుని అలాగే ఉండనిచ్చారు.

ఇద్దరం దాచాం. తలుపేసుకుని ఎడం చేత్తో స్పూన్ పట్టడం నేర్పాను. సగం చొక్కా మీదే పడేది. కోపంతో స్పూన్ విసిరేసేవారు. నేను తెచ్చి మళ్లీ పెట్టేదాన్ని. అమ్మ తలుపు కొడితే స్పూన్ నా చేతికి ఇచ్చేసి, తనకేమీ తెలియనట్టు గోడకేసి చూసేవారు. ఒకసారి ఆత్రేయపురం మీదుగా వచ్చిన చుట్టాలెవరో పూతరేకులు తెచ్చారు. దానికి స్పూన్ పనికిరాదు. తాతయ్య గుమ్మంకేసి ఒకసారి చూసి, ఎడం చేత్తో తీసుకుని, మొత్తం నోట్లో పెట్టుకున్నారు. కొరికే పని లేదు, మింగే పని లేదు, అదే కరిగిపోతుంది. మీసాల మీద తెల్లటి రేకు ముక్కలు అతుక్కున్నాయి. షుగరున్న మనిషి. నేను ఇంకొకటి ఇచ్చాను.

పాలకొల్లు నుంచి బండి మీద ఫిజియో సార్ వచ్చేవారు. మంచి సార్. లేపి నిలబెట్టి, నాలుగు కాళ్ల స్టాండు పట్టించి వరండా దాకా నడిపించేవారు. "నొప్పేం లేదు కదండీ? ఇంకొంచెం వెళ్దామా అండీ?" "ఆయ్." "చూసారా, పెద్దాయన హుషారు!" నేను స్టాండు మీద ఆయన ఎడం చేతి కింద నా చెయ్యి పెట్టి పక్కనే నడుస్తూ, ఆయన నొక్కినప్పుడు "సార్, నాకు చెయ్యి లాగుతోంది, ఆగుదాం" అనేదాన్ని. "నీకంటే మీ తాతగారే నయం పాపా" అని నవ్వేవారు. అలా తాతయ్య కాదుని నా నోటితో చెప్పేదాన్ని. కార్తీకమాసం వచ్చేసరికి ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని కాలవకేసి చూసేవారు. మళ్లీ మనిషవుతారని నేను నమ్మాను. నిజంగా నమ్మాను.

ఆయన బాత్రూంలో జారిపడ్డ రోజు నేను స్కూల్లో ఉన్నాను.

నాన్న పరిగెత్తుకెళ్లి లేపారట. "దెబ్బేం తగల్లేదు కదా నాన్నా?" అని అడిగారట. ఆయ్ అన్నారట. హమ్మయ్య అనుకున్నారు. మామ్మ బామ్ రాసింది. ఫిజియో సార్ వచ్చారు. పడ్డారని భయపెట్టుకోకూడదు, లేకపోతే మళ్లీ లేవరు అని నిలబెట్టారు. "ఏం కాలేదు కదండీ?" ఆయ్. "ఒక్క అడుగు వేద్దామా అండీ?" ఆయ్. ఆ అడుగు పడలేదు. "ఇవాళ మూడ్ లేనట్టుంది" అనుకుని పడుకోబెట్టేశారు. అందరూ అడిగారు. ప్రేమగానే అడిగారు. అందరికీ ఆయన ఆయ్ అనే చెప్పారు.

నేను వచ్చేసరికి ఆయన ముఖం బూడిద రంగులో ఉంది. కుడి పాదం పక్కకి తిరిగిపోయి ఉంది. నేను తలుపు వెయ్యడం కూడా మర్చిపోయి చెయ్యి పట్టుకున్నాను.

"తాతయ్యా, కాలు బాగుందా?"

నొక్కారు. వదల్లేదు. నా ఉంగరం పక్క వేలిలోకి దిగింది.

"నాన్నకి చెప్పెయ్యనా?"

నొక్కారు. ఒళ్లంతా చెమట, పళ్లు బిగించి ఉన్నారు, అయినా వద్దనే నొక్కారు. చీకటి పడబోతోంది. కాసేపట్లో మామ్మ దీపం పెట్టి వస్తుంది.

అప్పటిదాకా నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. నాకు ఏదైనా కష్టమైతే దాచేసుకుంటాను, అంతే. మొదటిసారి తాతయ్య చెయ్యి విడిపించుకున్నాను. హాల్లోకి వెళ్లాను. నాన్న, అమ్మ, మామ్మ టీ తాగుతున్నారు. "తాతయ్య ఆయ్ అంటే ఆయ్ కాదు" అన్నాను.

"ఏంటే?" అన్నారు నాన్న.

"కాలు విరిగినట్టుంది. ఆయనకి నొప్పిగా ఉంది. మీరు ఏం అడిగినా ఆయ్ అంటారు, అదొక్కటే వస్తుంది. కాదంటే చెయ్యి నొక్కుతారు. నాకు ముందే తెలుసు."

నాన్న టీ కప్పు పెట్టేసి లోపలికి వెళ్లారు. చెయ్యి పట్టుకుని అడిగినట్టున్నారు. "నాన్నా... నాన్నా..." అని వినబడింది. తర్వాత అంబులెన్స్‌కి ఫోన్. అమ్మ బట్టలు సర్దుతోంది. మామ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"అన్నిటికీ అదేనా?" అని నన్ను అడిగింది.

నేను నాన్న వదిలేసిన టీ కప్పు చేతిలోకి తీసుకున్నాను.

"సాయంత్రాలు నేనడిగినప్పుడు కూడా అదేనా?"

నేను నేలకేసి చూశాను. ఆ పూట మామ్మ దీపం పెట్టడం మర్చిపోయింది.

అంబులెన్స్ వెనకాల మా కారు. కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కాక గోదావరి కనబడలేదు, అంబులెన్స్ ఎర్ర లైటు ఒక్కటే కనబడింది. రాజమండ్రిలో ఎక్స్‌రే తీశారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చెయ్యకపోతే ఇక మంచమే, మంచం మీద ఎక్కువ కాలం ఉండరు. చేస్తే గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేం. డాక్టర్ గారు చాలా నెమ్మదిగా చెప్పారు. నాన్న తాతయ్య ఎడం చేతిలో తన చెయ్యి పెట్టి, నేను నేర్పినట్టే సూటిగా, "ఆపరేషన్ చేయించుకుంటారా నాన్నా?" అని అడిగారు. తాతయ్య ఆయ్ అన్నారు. చెయ్యి నొక్కలేదు. కొడుకుతో ఆయన అన్న మొదటి నిజమైన అవును అదేనేమో. నాన్న అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

లోపలికి తీసుకెళ్లే ముందు నన్ను ఒక్కదాన్నీ కాసేపు ఉండనిచ్చారు. ఆ ఆకుపచ్చ గౌనులో తాతయ్య చిన్నగా అయిపోయారు. చెయ్యి పట్టుకున్నాను. మేం దాచింది చెప్పేసినందుకు కోపమా అని అడుగుదామనుకున్నాను. నోటి నుంచి వేరే ప్రశ్న వచ్చింది.

"భయంగా ఉందా తాతయ్యా?"

నొక్కుతారని చూశాను. ఊళ్లో ఎవరికీ భయపడని మనిషి. చెయ్యి నా చేతిలో తెరుచుకునే ఉంది. నేను ఇంకాసేపు చూశాను. నొక్కలేదు.

"నాక్కూడానండి" అన్నాను.

ఆయ్ అన్నారు. ఆ ఒక్క ఆయ్ మాత్రం ఆయ్ అనే నేను అనుకుంటున్నాను.

నా తర్వాత మామ్మ వెళ్లింది. అద్దం తలుపు లోంచి కనబడుతోంది. మామ్మ ఆయన ఎడం చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, వంగి, ఏదో అడిగింది. ఏమడిగిందో నాకు తెలుసు. ఆయన చేతి మీద నరాలు లేచాయి. మామ్మ బయటికొచ్చి నా భుజం పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. "నొక్కారే. నామీద కోపం లేదు కదండీ అంటే, గట్టిగా నొక్కారే. కోపం కాదన్నారు" అంది.

మామ్మ కదా పెట్టి అడిగింది.

మా నియమం మామ్మకి తెలియదు. నేను చెప్పలేదు. ఆ నొక్కుడుకి రెండర్థాలున్నాయి. అందులో మామ్మ ఒకటి తీసుకుంది. రెండోది నా దగ్గర ఉండిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. లేపి కూర్చోబెట్టారు కూడా. దిండ్లకి ఆనుకుని, ఎడం చేత్తో స్పూన్ పట్టుకుని, నర్సమ్మ ముందే, దాచకుండా పెరుగన్నం తిన్నారని నాన్న ఫోన్లో చెప్తే నేను గంతులేశాను. తర్వాత నెమ్ము చేసింది. ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఒక ఆదివారం వెళ్తే ముక్కుకి గొట్టం, ఆయ్ కూడా లేదు. చెయ్యి పట్టుకుని, "నేనెవరో మర్చిపోయారా?" అని అడిగాను. చాలాసేపటికి, చాలా మెల్లగా నొక్కారు. నాతో ఆయన అన్న ఆఖరి కాదెహె అదే. ఆ తర్వాత కొద్దిరోజులకే బస్సులో ఆయమ్మ ఫోన్ చూపించింది.

పెద్దకర్మ రోజు వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో తాతయ్య రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతున్నారు. ఆయన అలాంటి ఫొటో ఎప్పుడూ దిగలేదు. ఎవరివో చేతులు తెచ్చి ఆయన ముఖానికి అతికించారు. నున్నగా, గోళ్లు శుభ్రంగా ఉన్న చేతులు. నేను వాటికేసి చూడకుండా రోజంతా తిరిగాను.

భోజనాలయ్యాక మామ్మ వరండాలో చాప మీద కూర్చుంది. వచ్చినవాళ్లంతా వంగి ఒకే మాట అడిగి వెళ్తున్నారు. "ధైర్యంగా ఉన్నారు కదండీ?" మామ్మ అందరికీ ఆయ్ అంటోంది. జనం పలచబడ్డాక నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. వీధి చివర ఎవరో ఫ్లెక్సీ తాళ్లు విప్పుతున్నారు.

"ఏమే" అంది, అటే చూస్తూ. "నొక్కితే కాదనే కదే? కోపం లేదనే కదే ఆయన అన్నది?"



"ఆయ్" అన్నాను.

మామ్మ ఇంకేం అడగలేదు. చీరకొంగు కింద నుంచి ఎడం చెయ్యి వచ్చి నా ఎడం చేతిని వెతికి పట్టుకుంది. గట్టిగా ఒకసారి నొక్కింది. ఫ్లెక్సీ ఒక పక్క తాడు తెగి, ఆ అతికించిన చేతులు మడతపడి కిందికి జారాయి. మామ్మ చెయ్యి మాత్రం నొక్కింది నొక్కినట్టే ఉంది.